బొమ్మలేసినోళ్ళు

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో సముద్రం మీంచి విమానాలు వస్తాయి. ఒక రేవుపట్నం ఒక్క పూటలో ఖాళీ అవుతుంది. ఆ సముద్రానికి ఎక్కడో అవతలి ఒడ్డున ఇంకో జనాన్ని గుర్రాల సాలల్లోకి తోలతారు. రెండు ఖండాలు, మూడు తరాలు, ఒక శపథం. చదివేవాళ్ళు చేతిరుమాలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

సరే, రుమాలు జేబులో పెట్టేసుకోండి. నేను ఏ యుద్ధమూ చూడలేదు. నేను చూసింది కెనడాలో, బర్నబీ అనే ఊళ్ళో ఒక బేస్‌మెంట్, అందులో ఒక చలికాలం, కొన్ని ఎండుచేపలు, సరిగ్గా వినపడని ఒక మాట. విమానం అంటారా, నేనెక్కిన విమానంలో నాకు మధ్య సీటు వచ్చింది.

మొన్న కాల్గరీలో మంచుతుఫానుకి మా వీధంతా కరెంటు పోయింది. ఇక్కడ కరెంటు పోవడం మా చిన్నప్పుడు అక్కడ కరెంటు ఉండటం లాంటిది, ఎప్పుడోగాని జరగదు. నాలుగేళ్ళ మా అమ్మాయి అప్పటిదాకా టీవీలో జపాన్ వాళ్ళ బొమ్మల సినిమా చూస్తోంది. అందులో ఒక పిల్ల అన్నం గిన్నె మూత తీసింది. ఆవిరి మెల్లగా పైకి లేస్తోంది. ఆ ఆవిరి సగంలో ఉండగా ఇల్లంతా చీకటైపోయింది. మా ఆవిడ కొవ్వొత్తి కోసం డ్రాయర్లు లాగడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుస్తుందనుకున్నాను. అది సోఫాలో కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చుని, గుసగుసగా, "ఈజ్ ఇట్ స్టార్టింగ్, డాడీ?" అంది.

చీకటి పడితే ఏదో మొదలవబోతోందని నమ్మే వంశం మాది. దానికి ఈ నమ్మకం నేను నేర్పలేదు. నాకెక్కడిదో మాత్రం చెప్పగలను.

మాది విశాఖపట్నం పాతూరు, రేవుకి దగ్గర. కిటికీ తీస్తే ఉప్పు, ఎండుచేపలు, ఓడల నూనె, మూడూ ఒకే గాలిలో కలిసి వచ్చేవి. ఊదొత్తి వెలిగిస్తే అది నాలుగోది అయ్యేది తప్ప మిగతా మూడూ తగ్గేవి కావు. అమ్మానాన్నా ఉద్యోగాలకి పోతే నన్ను పెంచింది మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ. ఆవిడకి ఒక వింత అలవాటుండేది. సాయంత్రం పూట నేవీ వాళ్ళ విమానం ఏదైనా మా డాబాల మీదుగా కిందగా పోతే, చేస్తున్న పని వదిలేసి లేచి లైటు ఆర్పేసేది. నా నోటి మీద అరచెయ్యి పెట్టి, చెవిలో, "ఉష్, బొమ్మ పడతాది" అనేది.

అలాగని నాకు వినపడింది.

సినిమా హాల్లో లైట్లు ఆరి తెర మీద సినిమా మొదలవడాన్నే కదా బొమ్మ పడటం అంటారు. మా ఇంట్లోనూ లైటు ఆరేది. ఎదురుగా సున్నం కొట్టిన తెల్లగోడ ఉండేది. పైగా మామ్మ, నేను కదలకుండా ఉండాలని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒడిలో పోసేది. చీకటి, తెర, శనక్కాయలు. హాలుకి ఇంతకంటే ఏం కావాలి. నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. మామ్మ చేతికి పసుపు, చింతపండు కలిసిన వాసన ఉండేది. విమానం చప్పుడు సముద్రం మీదికి పోయి సన్నబడేది. గోడ మీద ఏదో కదిలినట్టే ఉండేది గాని, బొమ్మ పడేది కాదు. మామ్మ ఒక పెద్ద ఊపిరి వదిలి లైటు వేసేది. ఆవిడకీ నిరాశే అనుకునేవాణ్ణి.

ఒకసారి వీధిలో పిల్లల్ని పోగేసి, మనిషికి రెండు గోళీలు టికెట్ పెట్టి, మా ఇంట్లో ఉచితంగా బొమ్మ పడుతుందని కూర్చోబెట్టాను. గోళీలు తీసుకుని ఉచితం ఎలా అయిందని ఎవడూ అడగలేదు. విమానం వచ్చింది. మామ్మ లైటు ఆర్పింది. గది నిండా పిల్లల్ని చూసి కంగారుపడి, అందరి తలలూ రెండు చేతులతో కోడిపిల్లల్ని కప్పినట్టు కిందికి వంచింది. తలవంచి చూసే సినిమా ఏమిటో వాళ్ళకి అర్థం కాలేదు. మర్నాడు గోళీలు వడ్డీతో సహా, ఆ వడ్డీ నా వీపు మీద, తిరిగి ఇచ్చేశాను.

పెద్దయ్యాను. ఆ సంగతి మర్చిపోయాను. ఊళ్ళో సగంమంది కెనడా వెళ్తున్న రోజులవి. బస్సులో నా పక్కసీటు వాడికీ, కన్సల్టెన్సీ మెట్ల మీద కూర్చున్న వాడికీ, ఆ మెట్లు ఊడ్చేవాడి తమ్ముడికీ అడ్మిషన్ వచ్చింది. నాకు రాకపోతే బాగుండదని నాకూ వచ్చింది.

బర్నబీలో చలికాలం అంటే వాన. కుండపోత కాదు, పైన ఎవరో దుప్పటి సరిగ్గా పిండకుండా ఆరేసి మర్చిపోయినట్టు రోజంతా కారుతూనే ఉంటుంది. మా బేస్‌మెంట్ కిటికీ నేలకి సమంగా ఉండేది. అందులోంచి ప్రపంచం అంటే తడిగడ్డి, బూట్లు, ఒక ఉడత. ముగ్గురం ఉండేవాళ్ళం. నాతో కరీంనగర్ వాడు ఒకడు, నా క్లాస్‌మేటు. రెండోవాడు మాకంటే పెద్దవాడు, కడప అన్న. చదువు అయిపోయి డెలివరీ బండి నడుపుతూ పీఆర్ కోసం, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి కోసం, ఎదురుచూసేవాడు. పైన ఇంటావిడ ఒక్కతే ఉండేది. ఎనభై దాటిన జపనీస్ మనిషి. మొదటిరోజు ఆంటీ అని పిలిస్తే, ఎవరి ఆంటీని అని చుట్టూ చూసింది. అప్పట్నుంచీ ఎదురుగా మేడమ్, చాటుగా పై మామ్మ.

మా అమ్మ ఊరగాయల మధ్య దాచి పంపిన ఎండుచేపలు ఒక ఆదివారం వేయించాం. పొగ అలారం మోగింది. మెట్ల మీద పై మామ్మ అడుగులు వినపడ్డాయి. ఇల్లు ఖాళీ చేయిస్తుందని నిశ్చయించుకుని కడప అన్న క్షమాపణకి కావలసిన ఇంగ్లీషు కూడబలుక్కున్నాడు. ఆవిడ తలుపు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని ఒకసారి గాలి పీల్చింది. ఏం చేప అని అడిగింది. మాలో ఎవరికీ ఇంగ్లీషు పేరు తెలియదు. "ఫిష్, మేడమ్" అన్నాడు కడప అన్న. ఆవిడ ఒక ప్లేటు తెచ్చుకుని మళ్ళీ వచ్చింది.

మా కాలేజీ కొండ మీద ఉండేది. బస్సు సగం దారిలో మబ్బులోకి దూరేది. చెట్లు ఉండీ లేనట్టు ఉండేవి. ఏదో దేవలోకానికి పోతున్నట్టు మనసు తేలిపోయేది. మా వైపు కొండెక్కితే దేవుడుంటాడు. ఇక్కడ అటెండెన్స్ ఉండేది.

అంతకుముందు టర్మ్‌లో డేటాబేస్ పేపర్లో ఫెయిలయ్యాను. ఇంకొకటి పోతే కాలేజీ నన్ను మర్యాదగా సాగనంపుతుంది; కాలేజీ సాగనంపితే స్టడీ పర్మిట్, అది పోతే మళ్ళీ మధ్య సీటు. కాబట్టి తేలిగ్గా గట్టెక్కే ఎలెక్టివ్ ఏదని సీనియర్లని వాకబు చేశాం. జపాన్ బొమ్మల సినిమాల కోర్సు ఉంది, కూర్చుని చూడటమే, నిద్రపోయినా మార్కులేస్తారు అన్నారు. నేనూ కరీంనగర్ వాడూ అప్లై చేశాం. దాని పూర్తి పేరులో యుద్ధం, జ్ఞాపకం అనే మాటలు కూడా ఉన్నాయని మొదటి క్లాసుదాకా చూసుకోలేదు.

ప్రొఫెసర్ గారు ఒకావిడ, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మెడలో ఒకే బూడిదరంగు స్కార్ఫ్‌తో ఉండేవారు. మాటల్లేకుండా ఒక పాత సినిమా ముక్క వేశారు. ఎండ. కీచురాళ్ళ రొద. ఒక అమ్మాయి తీగ మీద తడి చొక్కా ఆరేస్తోంది. ఉన్నట్టుండి రొద ఆగిపోయి తెరంతా తెల్లబడింది. మంట లేదు, చప్పుడు లేదు, ఉత్త తెలుపు. కరీంనగర్ వాడు నా చెవిలో, "ఫైల్ కరప్టయినట్టుంది రా" అన్నాడు.

కరప్టవలేదు. ఆ సినిమాలకి బొమ్మలు వేసినవాళ్ళు చిన్నప్పుడు కాలిన ఊళ్ళు చూసినవాళ్ళట, లేదా చూసినవాళ్ళ పిల్లలట. కొందరు గీయలేనిదాన్ని, ఆ అణుబాంబు వెలుగుని, అలా తెల్లగా వదిలేశారు. కొందరు ఆ భయానికే తోకా పళ్ళూ పెట్టి పెద్ద రాక్షసజంతువుగా సముద్రంలోంచి లేపారు. ఊరు కూలుతుంది, కట్టుకుంటారు, వచ్చేవారం మళ్ళీ కూలుతుంది. గుండ్రటి కళ్ళ ముద్దుబొమ్మలు కూడా ఆ యుద్ధపు బిడ్డలేనేమోనని ఆవిడ అనుమానం: ఓడిపోయినవాళ్ళు ఇంకెవరినీ భయపెట్టని ముఖం తగిలించుకోవడం. పిల్లలు పెద్ద పెద్ద ఇనుప యంత్రాలెక్కి యుద్ధం చేసే కథలకి నేను నవ్వాను, మా ఇంట్లో ఆ వయసుకి స్కూటర్ తాళం కూడా ఇవ్వలేదని. చదువుకునే కుర్రాళ్ళని మధ్యలో ఆపి నిజంగానే విమానాలెక్కించారని ఆవిడ చెప్పారు. మమ్మల్నీ అలాగే ఎక్కించారు గాని, మాకు భోజనం పెట్టారు.

బేస్‌మెంట్లో ముగ్గురం ఒకే దుప్పటి కింద కూర్చుని లాప్‌టాప్‌లో ఆ సినిమాలు చూసేవాళ్ళం. బయట వాన, లోపల సినిమాలోనూ వాన. ఒక్కోసారి ఏ వాన ఎక్కడిదో తెలిసేది కాదు. కరీంనగర్ వాడు ఫైట్ల కోసం ఎదురుచూసేవాడు. ఫైటు రాదు. అమ్మా నాన్నా లేని పిల్ల ఒకతె నిదానంగా బియ్యం కడుగుతుంది, గిన్నె పొయ్యి మీద పెడుతుంది, మూత కదిలేదాకా చూస్తూ కూర్చుంటుంది. "గీ పోరి అన్నం వండుడే సూపిస్తుండేందిరా" అని విసుక్కున్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు. తాలింపు ఘాటు అన్నాడు. కడప అన్న అప్పటికింకా స్టవ్ వెలిగించలేదు.

ఆకలి తెలిసిన చెయ్యి గీస్తే అన్నం మీద ఆవిరి అలా వస్తుందని ప్రొఫెసర్ గారు అనేవారు. నిజమే కావచ్చు. ఆ సినిమా అయ్యాక మేం ముగ్గురం ఆరుగురి అన్నం తిన్నాం.

కరీంనగర్ వాడే ఒకరోజు క్లాసులో చెయ్యెత్తాడు. అంతకుముందు ఇంట్లో నాతో అన్నమాటే ఇంగ్లీషులో అడిగాడు. ఇంట్లో అన్నది ఇది: "గీళ్ళ సిన్మాలల్ల బాంబులు పడుడే ఉంటది. ఏసుడు ఎందుకుండదురా?" ప్రొఫెసర్ గారు స్కార్ఫ్ సర్దుకున్నారు. వేసినవి కూడా ఎక్కడో ఎవరి మీదో పడే ఉంటాయి, ఆ ప్రశ్న వదలకు అన్నారు. వాడు ఆ రోజంతా మనిషి కాదు. ప్రశ్న వదలకుండా మోస్తూ తిరిగాడు.

టర్మ్ చివర్లో పది నిమిషాల ప్రెజెంటేషన్. మార్కుల్లో సగం దానివే. ఇంట్లోని పెద్దవాళ్ళెవరైనా యుద్ధం గురించి సొంత నోటితో చెప్పిన మాట ఒకటి తేవాలి, దాని పక్కన ఒక సినిమా దృశ్యం పెట్టాలి. నేను లేచి, మా వైపు యుద్ధం రాలేదండీ అన్నాను. "ఎవరినైనా అడిగావా?" అన్నారు ఆవిడ.

నాకు అడగడానికి పైనే ఒక జపాన్ మామ్మ ఉందని వెలిగింది. పులిహోర కలిపి పట్టుకెళ్ళి, జపాన్‌లో మీ యుద్ధజ్ఞాపకాలు చెప్పండి అని వినయంగా అడిగాను. ఆవిడ పులిహోర తీసుకుంది. ప్రశ్న తీసుకోలేదు.

"ఏ జపాన్?" అంది.

ఆవిడ పుట్టింది ఆ ఇంటికే అరగంట దూరంలో, నది సముద్రంలో కలిసేచోట. వాళ్ళ నాన్న అక్కడ చేపలు పట్టేవాడు. జపాన్ మొదటిసారి చూసింది అరవై ఏళ్ళప్పుడు, టూరిస్టు బస్సులోంచి. యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడి ప్రభుత్వమే వాళ్ళ పడవ లాక్కుని, ఇక్కడి ఊళ్ళోనే, పశువుల ప్రదర్శన జరిగే మైదానంలో గుర్రాల సాలలో పెట్టింది. తర్వాత కొండల్లోకి పంపేసింది. పులిహోరలో పల్లీలు ఏరుకుని తింటూ చెప్పింది, ఎక్కడో ఎవరికో జరిగినట్టు. "నా దగ్గరున్నది కెనడా యుద్ధం. నువ్వు ఇల్లు సరిగ్గానే పట్టుకున్నావు, తలుపు తప్పు కొట్టావు" అంది. మనవరాలు ఆ బొమ్మల సినిమాలు మన గురించే అంటుందట. "మా గురించి కాదు. అందులో అన్నం మాత్రం మాదే."

రోజుకి మూడుసార్లు ఎక్కడి నుంచి వచ్చావని అడిగించుకునేవాణ్ణి నేనే వెళ్ళి ఆవిడని ఆ ప్రశ్న అడిగొచ్చాను. పైగా ఆవిడ మా ఇంటి పెద్ద కాదు, లెక్కలోకి రాదు. ఇక మిగిలింది మామ్మ.

మాకు ఆదివారం సాయంత్రం, వాళ్ళకి సోమవారం పొద్దున. ఫోన్ చేశాను. మామ్మ ముందుగా తిన్నావా అంది, తర్వాత చలా అంది, తర్వాత ఎవులింట్లో ఉంటన్నావురా అంది. జపాన్ ఆవిడ ఇంట్లో అని చెప్పాను. అవతల గిన్నె ఏదో కిందపెట్టిన చప్పుడు.

"జపానోళ్ళా? మన మీద బొమ్మలేసినోళ్ళు కాదేటి?"

"అవును మామ్మా, ఆ బొమ్మలేసేవాళ్ళే. దాని మీదే నా చదువు."

"నువ్వూ నేర్సుకుంటన్నావా?"

"వేయడం కాదు, చూడటం. ఎంత బాగా వేస్తారనుకున్నావు. ప్రపంచంలో వాళ్ళ తర్వాతే ఎవరైనా. పడగానే పిల్లలు చప్పట్లు కొడతారు."

ఫోన్ మంచం మీద పడేసిన చప్పుడు. తర్వాత నాన్న గొంతు వచ్చింది. "ఏం చెప్పావురా మామ్మకి? మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. జపాన్ వాళ్ళు బాంబులు బాగా వేస్తారని, పిల్లలు చప్పట్లు కొడతారని అన్నావట."

"బాంబులు కాదు నాన్నా, బొమ్మలు. మామ్మే కదా బొమ్మలంది."

"బొంబులంది. మీ మామ్మ బాంబుని బొంబనే అంటుంది కదా ఎప్పుడూ. విమానం పోతే లైటు ఆర్పి, బొంబు పడతాది అనేది, గుర్తులేదూ?"

గుర్తుంది. గోడ గుర్తుంది, శనక్కాయలు గుర్తున్నాయి, నోటి మీద చెయ్యి గుర్తుంది. ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని బేస్‌మెంట్ కిటికీలోంచి తడిగడ్డి చూస్తూ ఉండిపోయాను. చిన్నతనమంతా నేనూ మామ్మా ఒకే మంచం మీద, ఒకే చీకట్లో, పక్కపక్కనే కూర్చున్నాం. నేను ఎప్పుడు పడుతుందా అని, ఆవిడ ఎక్కడ పడుతుందో అని. ఆ పెద్ద ఊపిరి నిరాశ కాదు.

ఇంత గొప్ప ఎరుక కలిగిన క్షణంలో ఉడత వచ్చి కిటికీ గోకింది. దానికి రోజూ ఆ టైముకి కరీంనగర్ వాడు పల్లీలు వేసేవాడు.

నలభై రెండులో జపాన్ విమానాలు మా రేవు మీద బాంబులేశాయని నాన్నే చెప్పాడు. అంటే మా వైపూ యుద్ధం వచ్చింది, మా ఇంట్లోనే కూర్చుంది. దాన్ని చెప్పాల్సిన మనిషి నాతో మాట్లాడటం మానేసింది. రెండు ఆదివారాలు ఫోన్ చేశాను. రెండుసార్లూ నాన్న, మామ్మ నిద్రపోతోందన్నాడు. వెనకనుంచి, "నిద్రపోతన్నానని సెప్పు" అని మామ్మ గొంతు స్పష్టంగా వినపడింది. మార్కుల సంగతి అలా ఉంచితే, ఆవిడ మాట్లాడకపోవడం నాకు అలవాటు లేని సంగతి. అన్నం సయించలేదని చెప్పాలని ఉంది గాని, సయించింది.

మెట్ల దగ్గర బల్బు మార్చడానికి పైకి వెళ్ళిన కడప అన్న ఈ కథంతా పై మామ్మకి చెప్పేశాడు. ఆవిడ ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం ఒక గాజు జాడీ చంకనపెట్టుకుని దిగివచ్చింది. "ఆవిడకి ఫోన్ చెయ్యి, ముఖం కనపడేలా" అంది.

నాన్న ఫోన్ పట్టుకుని మంచం చుట్టూ తిరిగితే గానీ మామ్మ ఇటు తిరగలేదు. తిరిగి, కళ్ళజోడు పెట్టుకుని, తెరలోకి చూసింది. ఇటునుంచి పై మామ్మ చూసింది. ఇద్దరూ కొంచెంసేపు ఒకరినొకరు సంతలో బేరానికొచ్చిన వస్తువులా పరీక్షించుకున్నారు.

"ఈవిడేటి, ముసిల్ది" అంది మామ్మ.

"అవును మామ్మా."

"అప్పటికి ఎన్నేళ్ళట?"

అడిగాను. ఆరన్నాను.

"నాకూ ఆరే." ఆలోచించింది. "అయితే ఇమానం నడిపింది ఈవిడ కాదన్నమాట."

కాదన్నాను. ఆ సంగతి ఇంగ్లీషులో చెబితే పై మామ్మ, తనకి ఇప్పటికీ కారు నడపడమే రాదని చెప్పమంది. మామ్మ మూతి బిగించుకుంది, నవ్వు రాకుండా. మరి యుద్ధంలో వాళ్ళకేమైందని అడిగింది. గుర్రాల సాల సంగతి చెప్పాను.

"ఎవులెట్టినారు? పగోళ్ళా?"

"కాదు, సొంత దేశంవాళ్ళే."

"సొంతోళ్ళేనా." మామ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. ఇక అక్కడినుంచి అడగకుండానే చెప్పుకుపోయింది. వాళ్ళయ్య రేవులో పనిచేసేవాడు. బాంబు ఆవిడ చూడలేదు, విన్నది. వీధి వీధంతా మూటలు కట్టుకుని పల్లెలకి పారిపోయింది. వాళ్ళమ్మ పొయ్యి మీద మామిడికాయ పప్పు పెట్టి ఉంది. అది అలాగే వదిలేసి బండెక్కారు. నెలల తర్వాత తిరిగొస్తే ఇల్లు ఉంది, పొయ్యి ఉంది, గిన్నె కడిగి బోర్లించి ఉంది. "ఆ పప్పు ఎవుడు తిన్నాడో ఇప్పటికీ తెల్దు. అడుగు ఆవిడ్ని."

ఇది ఆవిడకెలా తెలుస్తుంది అనబోయి, అనువాదం చేశాను. పై మామ్మ నవ్వలేదు. ఎంతో శ్రద్ధగా ఆలోచించింది. వాళ్ళ నాన్న పడవని తీసుకుపోయినప్పుడు లంచ్ డబ్బా అందులోనే ఉండిపోయిందట. పడవ పోయినందుకు కంటే ఆ డబ్బా ఏమైందోనని వాళ్ళమ్మ చచ్చిపోయేదాకా అంటూ ఉండేదట.

"అందులో ఏటుంది?" అంది మామ్మ.

"అన్నం, చేప."

"ఎండుదా?"

అడిగాను. ఎండుదేనట.

"అలగైతే పాడవదులే" అంది మామ్మ. "సెప్పు, పాడవదని."

చెప్పాను. పై మామ్మ తల వంచి, ఏదో పెద్ద సంగతి తేలిపోయినట్టు, సరే అంది. తర్వాత జాడీ ఎత్తి చూపించింది. ఉప్పులో ఊరేసిన ముల్లంగి. మామ్మ తెరకి ముక్కు ఆనించి చూసి, ఉప్పు చాల్లేదు, రంగు చూస్తే తెలిసిపోతోంది అంది. ఇది మాత్రం అనువదించలేదు.

ప్రెజెంటేషన్ రోజు కొండ పూర్తిగా మబ్బులో ఉంది. కడప అన్న డెలివరీలు మానుకుని పై మామ్మని కార్లో తీసుకొచ్చాడు. నా దగ్గర అన్నం ఆవిరి దృశ్యం ఉంది, మామ్మ మాటలున్నాయి, నడిమధ్య వేయడానికి మంచి జోకులున్నాయి. కిటికీలు లేని గది. లైట్లు ఆర్పమన్నాను. ఆరాయి. మీట నొక్కాను.

బొమ్మ పడలేదు.

మళ్ళీ నొక్కాను. చీకట్లో జనం కుర్చీల్లో కదిలారు. తడి కోట్ల వాసన వేస్తోంది. ఆ వాసనలో నాకు ఉన్నట్టుండి మా తెల్లగోడ కనపడింది. ఇక చేసేదేమీ లేక, సరిగ్గా ఇలాగే ఉండేదండీ అని మొదలుపెట్టాను. మా ఇల్లు, విమానం, నోటి మీద చెయ్యి, శనక్కాయలు. ఒకే చప్పుడున్న రెండు తెలుగు మాటలు వాళ్ళకి పలికి వినిపించాను. పొయ్యి మీద పప్పు చెప్పాను. జోకులు ఎక్కడ వేయాలో మర్చిపోయాను. నవ్వుతారనుకున్నచోట ఎవరూ నవ్వలేదు, అది ఏ కళాకారుడికైనా కష్టమే. ప్రొఫెసర్ గారు లైటు వేయమనలేదు.

నేను ఆగాక వెనక వరసలోంచి పై మామ్మ గొంతు వచ్చింది. మాకు చెప్పనిది ఒకటి చెప్పింది. సాలలో వాళ్ళమ్మ గోడలా ఒక తెల్లదుప్పటి కట్టిందట. అవతలివైపు వేరే కుటుంబం. సాయంత్రం వాళ్ళు దీపం పెట్టుకుంటే, వాళ్ళ పిల్లవాడు చేతులతో నీడబొమ్మలు వేసేవాడట. ఆవిడ ఇవతల గుర్రాల వాసనలో కూర్చుని రోజూ చూసేదట. ఆ పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో గుర్తులేదు, చేతులే గుర్తు అంది. "నా బొమ్మల సినిమా అదొక్కటే."

కడప అన్న ఫోన్ లైటు వెలిగించి పట్టుకున్నాడు. ఆవిడ రెండు చేతులూ కలిపి బొటనవేళ్ళు మెలేసింది. ఖాళీ తెర మీద ఒక పక్షి పడింది. మెల్లగా రెక్కలాడించింది.  ఇన్నేళ్ళకి బొమ్మ పడింది.

కరీంనగర్ వాడు రెండు వేళ్ళు నోట్లో పెట్టి, ఊళ్ళో మొదటి ఆటకి వేసినట్టు ఒక ఈల వేసి, చేతికందిన కాగితాలు చింపి తెర మీద చల్లాడు. అవి నా ప్రెజెంటేషన్ నోట్సు.

పాసయ్యాను. గొప్ప మార్కులేం కాదు. ఆధారాలు పేర్కొనలేదని తగ్గించారు. మామ్మ శపథం మాత్రం నిలబెట్టుకుంది: ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అనువాదానికి తప్ప నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే, "ముందు ఆవిడకియ్యి" అనేది. ఇద్దరూ నా ద్వారా ఉప్పు గురించి పోట్లాడుకునేవారు.

ఇప్పుడా ఇల్లు లేదు. అక్కడొక పెద్ద టవర్ లేచింది, మా బేస్‌మెంట్ ఉన్నచోట దాని పార్కింగ్. పై మామ్మ లేదు. మామ్మా లేదు. పాతూళ్ళో విమానాలు ఇంకా పోతూనే ఉంటాయి. లైటు ఆర్పేవాళ్ళు లేరు. నాన్న ఎల్ఈడీ వేయించాడు. కడప అన్నకి పీఆర్ వచ్చింది, పొట్ట కూడా. ఒకరు విన్న చప్పుడుని ఇంకొకరు బొమ్మగా చూడటం మా ఇంట్లోనే కాదు, ఒక దేశం దేశమే చేసిందని ఆ కోర్సులో తెలిసింది. ఆ డిగ్రీ సర్టిఫికెట్ ఎక్కడ పెట్టానో తెలియదు.

మొన్నటి చీకట్లో మా అమ్మాయి ఇంకా ఎదురుచూస్తోంది. ఫోన్ లైటు సోఫా చేతి మీద నిలబెట్టి, రెండు చేతులూ కలిపి, బొటనవేళ్ళు మెలేశాను. కాల్గరీ గోడ మీద పక్షి రెక్కలు విప్పింది. పిల్ల దాన్ని చాలాసేపు చూసింది. "దట్స్ ఎ చికెన్" అంది. శనక్కాయలు లేవు, జీడిపప్పు పెట్టాను. అది తింటూ, కరెంటు వచ్చినా లైటు వేయద్దంది.

అన్నట్టు, ఆ రోజు ప్రొజెక్టర్‌కి ఏమీ కాలేదు. క్లాసయ్యాక టెక్నీషియన్ వచ్చి చూశాడు. ఆ గదిలో రిమోట్ మీద ఇన్‌పుట్ రెండు నొక్కాలట. నేను ఒకటి నొక్కాను.